బాప్తిస్మానికి ముందు

“ఏంటండీ ఇది? మీ మిల్లులో ఇంతమందికి జ్వరాలా?”

“దోమలెక్కువండి.”

“సోమవారాలు మరీ ఎక్కువ కుడతాయా?”

ఆ అమ్మాయి పెన్ను ఆపి నా వైపు చూసింది. కోపమనుకున్నాను. కాదు, అలసట. పొద్దున ఎనిమిదింటి నుంచి తౌడు దుమ్ములో కూర్చుని, పన్నెండున్నరకి క్యారేజీ విప్పబోతుంటే నాలాంటివాడెవడో మెడలో కార్డు వేలాడేసుకొచ్చి ప్రశ్నలడిగితే ఎవరైనా అలాగే చూస్తారు.

నా పరిస్థితీ అంతకంటే గొప్పగా ఏమీ లేదు. పేరు ఫిన్నీ. ఊరు తెనాలి, గది బాపట్లలో, పని ఊళ్ళు తిరగడం. ఒక పరిశోధన సంస్థ వాళ్ళ సర్వే. మందు తాగేవాళ్ళు ఏడాదిలో ఎన్ని రోజులు పని మానేస్తున్నారు, వాళ్ళ గుండెలు ఎలా ఉన్నాయి, తాగనివాళ్ళ సంగతేంటి అన్నది విషయం. ట్యాబ్‌లో నలభై ఆరు ప్రశ్నలు, సంచిలో బీపీ మిషను, రోజుకి పన్నెండు ఇళ్ళు. కొడుకు ఎమ్మెస్సీ చదివి “జీవితంలో ఎప్పుడైనా మద్యం తాగారా?” అని ఊరందరినీ అడుగుతున్నాడని మా అమ్మ చుట్టాలకి చెప్పదు. ‘హెల్తులో చేస్తున్నాడు’ అని ఊరుకుంటుంది.

ఆ రోజు రేపల్లె దారిలో నగరం అనే ఊరి దగ్గర ఒక రైసు మిల్లుకి వచ్చాను. పనివాళ్ళ సెలవులు మస్టరులోంచి, అంటే హాజరు పుస్తకంలోంచి, ట్యాబ్‌లోకి ఎక్కించుకోవాలి. తీరా మస్టరు తెరిస్తే, ‘కారణం’ అన్న గడిలో పైనుంచి కిందదాకా జ్వరం, జ్వరం, జ్వరం. గుండ్రటి అక్షరాలు. అన్నీ ఒకే చేతిరాత.

“మీ పేరండీ?”

“హెప్సిబా. ఈ మస్టరు రాసేది నేనే. ఇంకేమన్నా?”

“హెప్సిబా గారూ, నాకు అసలు కారణాలు కావాలండి.”

“ఏం? మీ ట్యాబ్‌లో జ్వరానికి చోటు లేదా?”

“ఉంది. కానీ ఇన్ని జ్వరాలు ఎక్కిస్తే రేపు మలేరియా డిపార్ట్‌మెంటు వాళ్ళు జీపేసుకుని దిగుతారు.”

ఆమెకి నవ్వొచ్చింది. వచ్చినట్టు నాకు తెలియకూడదని క్యారేజీ మూత గట్టిగా తిప్పింది.

“చూడండి. తాగి రాలేదని రాశాననుకోండి, ఓనరు మర్నాడు గేటు దాటనివ్వడు. ఆయాసమని రాశాననుకోండి, బస్తా ముట్టుకోనివ్వడు. రెండూ ఒకటే, కూలి పోద్ది. జ్వరమనుకోండి, వస్తది, పోద్ది. ఎవరికీ ఇబ్బంది లేదు.”

“అయితే ఇదంతా అబద్ధమేగా?”

“ఏడో తరగతి నుంచి రాస్తున్నానండి ఈ అబద్ధం. చెయ్యి తిరిగిపోయింది.” మూత చివరికి ఊడింది. “దోసకాయ పప్పు. తింటారా?”

ఏడో తరగతి పిల్లకి మస్టరుతో పనేంటని అడగాలనిపించింది. కానీ ఆకలిగా ఉంది. ఆమె క్యారేజీ మూతలో అన్నం పెట్టి నా వైపు జరిపింది. ఆ వారంలో నేను అరవై మందిని ప్రశ్నలడిగితే, నన్ను ఒక మాట అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

*

అదే మధ్యాహ్నం మిల్లు వెనక పేటకి వెళ్ళాను. బస్తాలు మోసేవాళ్ళు ఉండేది అక్కడే. మొదటి ఇల్లు హెప్సిబా వాళ్ళదే. వాళ్ళ నాన్న అంద్రెయ మంచం మీద కూర్చుని ఉన్నాడు. యాభై ఐదేళ్ళుంటాయేమో. భుజాలు ఇప్పటికీ ధాన్యం బస్తా పట్టేంత వెడల్పు. పాదాలు మాత్రం ఉబ్బి ఉన్నాయి.

“ఇవాళ పనికి పోలేదా బాబాయ్?”

“కాస్త ఆయాసంగా ఉంది బాబూ. మూడు రోజుల్నుంచి.”

మస్టరులో మూడు రోజులూ ఏమని ఉంటుందో నాకు తెలుసు.

“బాబాయ్, జీవితంలో ఎప్పుడైనా మందు తాగారా?”

“లేదు బాబూ.”

తడుముకోలేదు. కళ్ళు తిప్పుకోలేదు. నా కళ్ళలోకి చూసి మరీ చెప్పాడు. పక్కింటాయనా అంతే, ఆ పక్కింటాయనా అంతే. సాయంత్రానికి పదకొండు మంది మగవాళ్ళు, పదకొండు ‘లేదు’లు.

మీకొక రహస్యం చెప్పాలి. ఆ ప్రశ్నకి ‘లేదు’ అని నొక్కితే ట్యాబ్ తర్వాతి పద్నాలుగు ప్రశ్నలు దాటేస్తుంది. ఎప్పట్నుంచి, ఎంత, ఎన్నిసార్లు, ఎవరితో, ఏవీ అడగక్కర్లేదు. ఎండలో తిరిగి తిరిగి వచ్చినవాడికి పద్నాలుగు ప్రశ్నలు తగ్గడమంటే చిన్న విషయం కాదు. ఇంత మంచి పేట ఇంకెక్కడా లేదనుకుంటూ బస్సెక్కాను.

*

సెలవుల వివరాలు ఒక్క రోజులో తేలేవి కావు. తేలేవే అయినా నేను తేల్చేవాణ్ణి కాదు. వారంలో రెండుసార్లు ఆ మిల్లుకి నాకు పని పడుతూ ఉండేది.

“మళ్ళీ వచ్చారా?” అనేది హెప్సిబా.

“మార్చి నెల సరిగ్గా రాసుకోలేదండి.”

“పోయిన వారం కూడా మార్చే అన్నారు.”

“పెద్ద నెల కదండీ. ముప్పై ఒక్క రోజులు.”

మూడో వారం వాన పట్టుకుంది. ఆరబోసిన ధాన్యం మీద పరదాలు కప్పడానికి అందరూ పరిగెత్తారు, ఆమె కూడా. ఊరుకోలేక నేనూ ఒక కొస పట్టుకున్నాను. పరదా గాలికి లేచి నన్ను లాక్కుపోయింది. ఆమె అవతలి కొస మీద కాలు పెట్టి నిలబడి, తడిసిన ముఖంతో పగలబడి నవ్వింది. ఆ ముఖం నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. ఎంత అలసిపోయి ఉందో కూడా ఆ నవ్వులోనే తెలిసింది. చాన్నాళ్ళకి వాడిన వస్తువులా ఉంది నవ్వు.

రేకుల కింద నిలబడి టీ తాగుతుంటే అడిగింది.

“ఇంతమందిని అడుగుతారు కదా, మిమ్మల్నెవరైనా అడిగారా?”

“ఏమని?”

“మీరు తాగుతారా అని.”

బాపట్ల గదిలో నా రూమ్మేట్ త్రినాథ్ ప్రతి శనివారం తెచ్చే బీరు సీసాలు గుర్తొచ్చాయి. అందులో రెండు నావి.

“లేదండి,” అన్నాను. “ఎప్పుడూ లేదు.”

తడుముకోలేదు. కళ్ళు తిప్పుకోలేదు.

ఆమె తల ఊపి టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. “నేను పెద్దగా ఏం కోరుకోనండి. తాగే మనిషి వద్దు. తాగి తాగలేదని చెప్పే మనిషి అసలే వద్దు. అలాంటి ఇంటికి ఇంక కాపలా కాయలేను, ఓపిక లేదు.”

ఎవరి గురించి అంటోందో నేను అడగలేదు. మిల్లు మనుషుల్ని రోజూ చూస్తుంది కదా, అందుకనుకున్నాను. అసలు ఆలోచించడానికి నాకు బుర్ర పనిచేస్తేగా. ఆ అమ్మాయి నాకు కావాలని తెలిసిన నిమిషంలోనే, ఆమెకి ఏది అక్కర్లేదో అది నేనే అయ్యానని కూడా తెలిసింది.

ఇప్పుడే చెప్పెయ్యి అని లోపల ఒకటే గోల. వాన తగ్గింది. బస్సొచ్చింది. ఎక్కేశాను.

*

“నువ్వు వెళ్ళావా, లేక ఫ్యాను కింద కూర్చుని నింపావా?”

చలపతి గారు మా సూపర్‌వైజరు. బాపట్ల ఆఫీసులో ఆయన గొంతు లేస్తే కింద జిరాక్సు షాపుకి వినిపిస్తుంది. ఆ రోజు లేవలేదు. విసిగిపోయిన మనిషి మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడాడు. అదే భయమేసింది.

“వెళ్ళాను సార్. పదకొండిళ్ళూ తిరిగాను.”

“అయితే ఇది చదువు. ఆ పేటలో ఒక్కడూ తాగలేదు. కానీ జిల్లా మొత్తం మీద ఎక్కువ ఆయాసాలు అక్కడే, ఎక్కువ సెలవులు అక్కడే. చుట్టుపక్కల తాగేవాళ్ళంతా గుండ్రాయిలా ఉన్నారు. నీ ఫారాల ప్రకారం మనం ఏం రాయాలో తెలుసా? మందు తాగితే గుండెకి మంచిదని రాయాలి.”

నేను ట్యాబ్ తెరిచి ఆ పదకొండు ‘లేదు’లూ మళ్ళీ చూసుకున్నాను.

“పది రోజులు టైమిస్తున్నా. తప్పయితే తప్పని రాసివ్వు. ఇంకో సంగతి. పదేళ్ళకి పైబడి తాగి, ఆయాసం ఉన్నవాళ్ళని ఏరి ఎకో క్యాంపుకి పిలుస్తున్నాం. గుండె స్కాను. ‘లేదు’ అన్నవాడి పేరు ఆ లిస్టులోకి రాదు. నీ తప్పు వల్ల ఎవడికైనా పిలుపు రాకపోతే, ఆ పాపం ఎవరిది?”

ఉబ్బిన పాదాలు కళ్ళ ముందు కనబడ్డాయి. మర్నాడు పొద్దున్నే మిల్లుకి పోయాను. ఎవరి జవాబు ఎవరికీ చెప్పకూడదన్నది మా రూలు. అందుకని పేర్లు చెప్పలేదు.

“హెప్సిబా గారూ, మీ పేటలో ఒక్క మగాడు కూడా ఎప్పుడూ తాగలేదటండీ. నిజమేనా?”

ఆమె గట్టిగా నవ్వబోయి ఆగిపోయింది. పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

“అందరూ అలాగే చెప్పారా?”

“అందరూ.”

“నేను చెప్పకూడదండి. ఆదివారం మా చర్చికి రండి. వెనక కూర్చుని వినండి, చాలు.”

మాదీ చర్చికెళ్ళే ఇల్లే. అయితే పసిబిడ్డగా ఉన్నప్పుడే తలమీద నీళ్ళు చల్లించుకుని, తర్వాత క్రిస్మస్‌కి, ఈస్టరుకి కనబడే రకం. పేటలో చర్చి వేరు. రేకుల షెడ్డు, చాపలు, ఒక డోలు. పాటలయ్యాక పాస్టరు దేవసహాయం గారు, “సాక్ష్యం చెప్పేవాళ్ళు రండి,” అన్నారు.

మొదట లేచింది అంద్రెయ.

“పద్దెనిమిదేళ్ళు తాగానండి,” అన్నాడు. “పొద్దున తాగి మిల్లుకి పోయేవాణ్ణి, సాయంత్రం తాగి ఇంటికొచ్చేవాణ్ణి. లేవలేని రోజు నా బిడ్డ చేత ఓనరుకి చీటీ రాయించేవాణ్ణి. మా నాన్నకి జ్వరం, రెండు రోజులు రాడు అని. ఏడో క్లాసు పిల్ల. ఆ చీటీ పట్టుకుని నడిచి మిల్లుకి పోయేది, అక్కణ్ణించి బడికి. వాళ్ళమ్మ పోయిన రోజున కూడా నేను తాగే ఉన్నాను.”

ఆడవాళ్ళ వరసలో హెప్సిబా తలొంచుకుని చీర కొంగు మడతలు పెడుతోంది.

“తొమ్మిదేళ్ళ కింద బాప్తిస్మమప్పుడు దేవుడు నన్ను కాలవలో ముంచి లేపాడు. అప్పట్నుంచి చుక్క ముట్టలేదు.”

అందరూ ఆమెన్ అన్నారు. ఆయన వెనకే ఇంకో నలుగురు లేచారు. నా ‘లేదు’లు ఒక్కొక్కటిగా లేచి నిలబడి, ఎన్నేళ్ళు తాగారో సంవత్సరాలతో సహా చెప్పాయి.

ఆరాధన అయ్యాక అంద్రెయని బయట పట్టుకున్నాను. నాకు నిజంగా కోపమొచ్చింది.

“బాబాయ్, నాతో ఎప్పుడూ తాగలేదన్నారే! అంత పచ్చి అబద్ధమా?”

ఆయన నావైపు జాలిగా చూశాడు. “అబద్ధమేంటి బాబూ? నువ్వు నన్నడిగావు. నేను తాగలేదు. ఆ తాగినోడు కాలవలోనే పోయాడు. చచ్చినోడి సంగతి నన్నడిగితే నేనేం చెప్పేది?”

“జీవితంలో ఎప్పుడైనా అని అడిగాను కదా!”

“నా జీవితానికి తొమ్మిదేళ్ళేగా.”

పక్కన పాస్టరు గారు అవునన్నట్టు తలూపారు. పదకొండు మందీ అలాగే లెక్కపెట్టుకున్నారు. ఒక్కరూ నన్ను మోసం చెయ్యాలనుకోలేదు. నలభై ఆరు ప్రశ్నలు రాసిన పెద్దలకీ, పద్నాలుగు తగ్గాయని సంబరపడ్డ నాకూ ఈ సంగతి తట్టలేదు.

అక్కడే చాప మీద కూర్చుని ట్యాబ్ తీశాను.

“సరే బాబాయ్. బాప్తిస్మానికి ముందు?”

“అబ్బో, అలా అడుగు!” అంటూ ఆయన కాళ్ళు చాపుకున్నాడు.

ఇంక పేటంతా చుట్టూ మూగింది. ఒకరు చెబుతుంటే ఇంకొకరు సరిదిద్దడం. “పదిహేనేళ్ళు కాదురా, పదిహేడు, నాకంటే నువ్వే ముందు మొదలెట్టావు.” పాస్టరు గారు బాప్తిస్మాల పుస్తకం తెచ్చి తేదీలు చదివారు. ఆ పద్నాలుగు ప్రశ్నలూ పదకొండుసార్లు అడిగాను. చెయ్యి లాగేసింది. హెప్సిబా పక్కన నిలబడి విసనకర్రతో విసురుతోంది. వాళ్ళ నాన్నకా, నాకా అన్నది తెలియకుండా మధ్యలో విసురుతోంది.

“తప్పంతా నాదేనని రాసిస్తాను,” అన్నాను మెల్లగా. “ఉద్యోగం ఉంటుందో లేదో.”

“ఎందుకు రాయడం? మీ సారుకి ఏదో ఒకటి చెప్పొచ్చుగా.”

“ఏం చెప్పను? జ్వరమనా?”

విసనకర్ర ఒక్కసారి నా నెత్తిన తగిలింది.

*

ఉద్యోగం పోలేదు. చలపతి గారు నా కాగితం రెండుసార్లు చదివి, “బాప్తిస్మానికి ముందు అన్న మాట ఫారంలో చేర్చమని పైకి రాస్తాను,” అన్నారు. అంద్రెయ పేరు ఎకో లిస్టులో మూడోది వచ్చింది.

క్యాంపు బాపట్లలోనే. హెప్సిబా తండ్రిని బస్సులో తీసుకొచ్చింది. డాక్టరమ్మ తెర మీద చూపించింది. గుండె కండరం సాగిపోయింది, పంపు చేసే బలం తగ్గింది, పాదాల వాపు, ఆయాసం అన్నీ దానివే. ఆ పద్దెనిమిదేళ్ళ తాగుడు వల్లే అయ్యుంటుందంది. తొమ్మిదేళ్ళ కింద మానెయ్యకపోతే ఈపాటికి మనిషి ఉండేవాడు కాదని, మందులు రోజూ వేసుకోవాలని, ఇంక బస్తా ఎత్తకూడదని చెప్పింది.

అంద్రెయ వంగి తెర మీది గుండెని చూశాడు. తర్వాత, “అయితే ఆ తాగినోడు పూర్తిగా పోలేదన్నమాట,” అని చొక్కా గుండీలు పెట్టుకున్నాడు.

ఆయన మందుల వరసలో కూర్చుంటే, మేమిద్దరం బయట వేపచెట్టు కింద అరుగు మీద కూర్చున్నాం.

“మీరు తప్పు ఒప్పుకోకపోతే నాన్న పేరు వచ్చేదే కాదు,” అంది హెప్సిబా. “ఇన్నేళ్ళకి అబద్ధం చెప్పని మనిషిని ఒక్కణ్ణి చూశాను.”

ఇంతకంటే పెద్ద దెబ్బ నన్నెవరూ కొట్టలేదు.

“హెప్సిబా గారూ, వాన రోజు మీరొక మాట అడిగారు. నేను చెప్పింది అబద్ధం. నేను తాగుతాను.”

ఆమె నావైపు తిరిగింది. నేను రోజూ అడిగే గొంతుతోనే అడగడం మొదలెట్టింది.

“ఎప్పట్నుంచి?”

“డిగ్రీ రెండో ఏడు. రామాపురం బీచికి వెళ్ళినప్పుడు మొదలు.”

“ఎంత?”

“శనివారం రెండు బీర్లు. ఒక్కోసారి మూడు.”

“నాకు లేదని చెప్పాక?”

“చెప్పాక కూడా. మూడు శనివారాలు తాగాను. మీ చర్చికి వచ్చాక తాగలేదు.”

“దానివల్ల పని మానేశారా ఎప్పుడైనా?”

“ఒక్కసారి.”

“ఏమని చెప్పారు?”

నేల చూశాను. “జ్వరమని.”

ఆమె ముఖం పక్కకి తిప్పేసుకుంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందేమోనని పిచ్చి ఆశ పుట్టింది. నవ్వు కాదు.

“చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా. ఎందుకు చెప్పారు?”

“మీరంటే ఇష్టం కాబట్టి. పెళ్ళి చేసుకోవాలని ఉంది కాబట్టి. మీరు మళ్ళీ తెలియకుండా అలాంటి ఇంట్లో అడుగుపెట్టకూడదు. నాదయినా సరే.”

“బానే ఉంది,” అంది కళ్ళు తుడుచుకుంటూ. “ప్రేమ సంగతీ, ఇదీ ఒకేసారి చెబుతారా? ఒకటి విని సంతోషపడేలోగా రెండోది. నాకు అలుపొచ్చేసిందండి, ఫిన్నీ గారూ. నిజంగా అలుపొచ్చేసింది.”

“నాక్కూడా,” అన్నాను.

తండ్రి మందులు తీసుకుని వచ్చాడు. రేపల్లె బస్సు కదిలేదాకా నిలబడ్డాను. ఆమె కిటికీలోంచి చూడలేదు.

*

పదిహేడు రోజులు. మస్టరు పని అయిపోయింది, మార్చి నెల కూడా అయిపోయింది. మిల్లుకి వెళ్ళడానికి నా దగ్గర సాకు లేదు. రోజుకి పన్నెండు ఇళ్ళు తిరిగాను, అడిగాను, నొక్కాను. శనివారాలు త్రినాథ్ సీసా చూపిస్తే వద్దన్నాను. దాన్ని గొప్పగా చెప్పుకోవడానికి లేదు. తాగాలని చాలా అనిపించింది. అంత అనిపిస్తుందని నేననుకోలేదు. రెండు సీసాల మనిషిని, నాకేంటి అనుకునేవాణ్ణి.

పద్దెనిమిదో రోజు ఫోనొచ్చింది.

“హెప్సిబానండి. ఆదివారం మధ్యాహ్నం ఇంటికి రండి. నాకు చెప్పింది నాన్నకి కూడా మీరే చెప్పండి. నేను చెప్పను.”

అంతే, పెట్టేసింది.

తెనాలి వెళ్ళి అమ్మకి అంతా చెప్పాను, బీరుతో సహా. బీరు దగ్గర రెండు పీకింది. అమ్మాయి దగ్గర, “పేరు మళ్ళీ చెప్పు,” అంది. రెండుసార్లు పలికి చూసుకుని, “నోరు తిరుగుతోందిలే, పోయి రా,” అంది.

ఆదివారం అంద్రెయ అదే మంచం మీద ఉన్నాడు. పాదాల వాపు తగ్గింది. ఆయాసమని మస్టరులో రాసేసిందట హెప్సిబా, ఓనరు తిట్టి, తర్వాత గేటు దగ్గర కాపలాకి వేశాడట. కూలి కొంచెం తగ్గింది. మనిషి తేలిగ్గా ఉన్నాడు.

ఎదురుగా కూర్చుని చెప్పాను. ఎప్పట్నుంచి, ఎంత, ఎప్పుడు మానేశాను, వాళ్ళమ్మాయితో ఏమని అబద్ధం చెప్పాను, అంతా. మధ్యలో ఆపలేదాయన. లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

“ఎన్ని రోజులైంది?”

“ఆరో వారం బాబాయ్.”

“మళ్ళీ ముట్టకుండా ఉండగలవా?”

ఉంటానని నోటిదాకా వచ్చింది. ఆ మాట ఒక్కటీ అంటే అయిపోతుంది. ఆయన ముఖం చూశాను. ఈ ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు వినబడి ఉంటుందో.

“తెలీదండి. ఉండాలని ఉంది. ఉండగలనో లేదో తెలీదు. ముడితే మాత్రం ఆ రోజే చెబుతాను, దాచను.”

అంద్రెయ లోపలి గుమ్మం వైపు చూశాడు. ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి.

“ఆ తాగినన్నాళ్ళూ రోజూ రాత్రి ఈ పిల్ల తలమీద చెయ్యేసి, రేపట్నుంచి మానేస్తానమ్మా అన్నాను. ఒక్కసారన్నా తెలీదని అనలేదు బాబూ. అని ఉంటే అది అంత నమ్మేది కాదు, అంత ఏడ్చేదీ కాదు.” నా చెయ్యి పట్టుకున్నాడు. “మీ అమ్మగారిని తీసుకురా. నాకు ఇష్టమే.”

“నన్నెవరూ అడగరా?”

హెప్సిబా గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో మూడు టీ గ్లాసులున్న పళ్ళెం. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అప్పటిదాకా ఏడ్చి, చన్నీళ్ళతో ముఖం కడుక్కుని వచ్చినట్టుంది.

నేను లేచి నిలబడ్డాను. ఇన్ని వేల ప్రశ్నలు అడిగినవాణ్ణి, ఇది మాత్రం ఏ ట్యాబ్‌లోనూ లేని ప్రశ్న.

“హెప్సిబా గారూ, నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

“మీరు తెలీదన్నారు కదా అని నేను కూడా తెలీదు అంటాననుకోకండి,” అంది, టీ గ్లాసు నా చేతిలో పెడుతూ. “నాకు తెలుసు. చేసుకుంటాను.”